ఇంట్లో ఎవరో ఉన్నారు: దయ్యం కథకి మూడు ప్రశ్నలు

ఇంట్లో దయ్యం కథ ఎవరు చెప్పినా వినేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "నిజంగా జరిగిందా?" కరెంటు పోయిన రాత్రి డాబా మీద పడుకుని అమ్మమ్మ చెప్పినా, పాట్‌లక్ భోజనాలయ్యాక బేస్‌మెంట్‌లో చేరిన స్నేహితుల్లో ఒకరు గొంతు తగ్గించి చెప్పినా అదే ప్రశ్న. అడగడం సహజమే. కానీ ఆ ప్రశ్నకి జవాబు దొరికిన మరుక్షణం కథ వినడం మానేస్తాం. నిజం కాదంటే నవ్వేసి లేస్తాం. నిజమంటే తలుపు గడియ మళ్ళీ ఒకసారి చూసుకుంటాం. కథలో మనుషులేమయ్యారో ఎవరికీ పట్టదు.

అందుకని ఈ రకం కథల్ని చదివేటప్పుడు వేరే మూడు ప్రశ్నలు వేసుకోవాలని నా ప్రతిపాదన. అది ఎవరి ఇల్లు? ముందుగా ఎవరికి కనిపించింది? ఆ మనిషి మాటని ఇంట్లో ఎవరు నమ్మారు? ఈ మూడింటినీ పట్టుకుని కొన్ని పాత, కొత్త కథల్ని చూసి, ఆ తర్వాత మన వలస కథల సంగతి మాట్లాడుకుందాం.

ముందు, జవాబు దొరికిన కథ ఒకటి. ఇది కథకులు రాసింది కాదు. 1921లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఆఫ్తల్మాలజీలో విల్మర్ అనే కంటి డాక్టరు ఒక వ్యాసం రాశారు. అందులో పేరు చెప్పకుండా ఒక గృహిణి చేత ఆవిడ అనుభవాన్ని చెప్పించారు. 1912లో ఆ కుటుంబం ఒక పెద్ద పాత ఇంట్లోకి మారింది. కొద్ది రోజులకే తలనొప్పులు, నీరసం మొదలయ్యాయి. పిల్లలు పాలిపోయి, ఆటలు మానేశారు. ఎవరూ లేని గదిలో అడుగుల చప్పుడు. రాత్రిళ్ళు ఎవరో వెంట వస్తున్నట్టు, చూస్తున్నట్టు. పనివాళ్ళదీ అదే మాట. కుండీల్లో మొక్కలు చచ్చిపోయాయి. అంతకు ముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్ళని వాకబు చేస్తే, వాళ్ళకీ అలాంటి అనుభవాలే అయ్యాయని తెలిసింది. మన ఊళ్ళో అయితే ఈపాటికి శాంతి చేయించేవాళ్ళం.

చివరికి ఆవిడ మరిదికి, ఎప్పుడో చదివిన ఒక సంగతి గుర్తొచ్చింది. మనుషులకి విషవాయువు ఎక్కినప్పుడు ఇలాంటివే కనిపిస్తాయని. చూపిస్తే, ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ పాడై, పొగ గొట్టంలోంచి పైకి పోవాల్సిన వాయువు ఇంట్లోకే వస్తోంది. కార్బన్ మోనాక్సైడ్. వాసన ఉండదు, రంగు ఉండదు. ఫర్నేస్ బాగుచేయించారు, దయ్యాలు పోయాయి. (ఆంధ్రలో చదివేవాళ్ళకి ఒక మాట: చలిదేశాల్లో ఇంటి అడుగున గ్యాసుతోనో నూనెతోనో మండే పెద్ద పొయ్యి ఉంటుంది, దాన్నే ఫర్నేస్ అంటారు. ఇక్కడ చదివేవాళ్ళకి ఇంకో మాట: ఇంట్లో ఆ వాయువుని పసిగట్టే అలారం ఉందో లేదో, బ్యాటరీ పనిచేస్తోందో లేదో ఈ పూటే చూసుకోండి.)

కారణం తెలిసిపోయింది కదా, ఆ కథ చచ్చిపోయిందా? నాకలా అనిపించదు. ఆ ఇంటి వాళ్ళు చూసింది అబద్ధం కాదు. వాళ్ళకి నిజంగా కనిపించింది, నిజంగా వినిపించింది. ఆ ఇంట్లో నిజంగానే ఏదో తప్పు జరుగుతోంది, అది వాళ్ళని చంపబోతోంది కూడా. "అంతా నీ భ్రమ" అని కొట్టిపారేసి ఉంటే పిల్లలు బతికేవారు కాదేమో. వాళ్ళ బాధని పట్టించుకున్న ఒక మనిషి ఉండబట్టి కారణం దొరికింది. హేతువాదం అంటే వినకుండా తోసెయ్యడం కాదు, విన్నాక వెతకడం. ఈ చిన్న తేడా మన కథకులు గుర్తుపెట్టుకోవలసింది.

ఇప్పుడు జవాబు దొరకని కథ. హెన్రీ జేమ్స్ 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' 1898లో కోలియర్స్ వీక్లీలో సీరియల్‌గా వచ్చింది. ఇద్దరు అనాథ పిల్లల్ని చూసుకోవడానికి ఒక పల్లెటూరి భవంతికి ఒక యువతి పంతులమ్మగా వెళుతుంది. చనిపోయిన ఇద్దరు పాత నౌకర్లు ఆమెకి కనిపిస్తారు. పిల్లలకీ కనిపిస్తున్నారని ఆమె నమ్మకం. 1934లో ఎడ్మండ్ విల్సన్ అనే విమర్శకుడు, దయ్యాలు లేవు, ఆ పంతులమ్మకే మతి చెదిరిందని వాదించాడు. అప్పట్నించీ పండితులు రెండు జట్లుగా విడిపోయి కొట్టుకుంటున్నారు. తర్వాత 1970లో తొదొరోవ్ వచ్చి, ఈ రెండింటిలో ఏదీ తేల్చుకోలేని ఆ ఊగిసలాటే ఈ తరహా సాహిత్యానికి ప్రాణమని సిద్ధాంతం చేశాడు.

తొదొరోవ్ చెప్పింది చాలావరకు సరైనదే. అయితే ఊగిసలాడేది పాఠకుడు ఒక్కడే కాదు. నా మూడు ప్రశ్నలూ వేసి చూడండి. ఆ భవంతి పిల్లలదీ కాదు, పంతులమ్మదీ కాదు. ఎక్కడో లండన్‌లో ఉండే పెదనాన్న అధికారం కింద ఉన్నది. తనకి ఉత్తరం రాయొద్దు, ఏ గొడవా చెప్పొద్దు అన్నది ఆయన పెట్టిన షరతు. చూసింది జీతానికి వచ్చిన పిల్ల. నమ్మవలసింది చదువురాని ఇంటిపెత్తనం ముసలమ్మ. ఆవిడకి ఏమీ కనిపించదు, అయినా ఆ పిల్ల మాటే నమ్మాలనుకుంటుంది. ఇంటి యజమానికి చెప్పుకోవడానికి దారి లేని ఇద్దరాడవాళ్ళు, మధ్యలో ఇద్దరు పిల్లలు. చివరికి పిల్లవాడు చచ్చిపోతాడు. దయ్యం ఉన్నా, లేకపోయినా ఆ చావుకి కారణంలో సగం వాటా, ఉత్తరం రాయొద్దన్న ఆ పెద్దమనిషిదే. విల్సన్ ఆ పిల్ల మనసు లోతుల్లోకి దిగాడు గాని, ఈ పెద్దమనిషిని నిలబెట్టి అడిగినట్టు నాకు కనపడదు.

షెర్లీ జాక్సన్ 1959లో రాసిన 'ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్' తెలుగువాళ్ళకి ఇంకా దగ్గరగా వస్తుంది. అందరూ ఆ పెద్ద భవంతి గురించి మాట్లాడతారు. నాకు మాత్రం నవల మొదట్లో దొర్లిపోయే ఒక చిన్న సంగతి ముఖ్యం. కథానాయిక ఎలినార్‌కి పన్నెండేళ్ళప్పుడు, తండ్రి పోయి నెల తిరక్కుండానే వాళ్ళింటి మీద రాళ్ళ వాన కురుస్తుంది. మూడు రోజులు. ఎవరు వేస్తున్నారో తెలియదు. తల్లి ఇరుగుపొరుగుని తిడుతుంది. అక్కేమో చెల్లి మీద, చెల్లేమో అక్క మీద లోలోపల అనుమానపడతారు. ఆ తర్వాత ఎవరూ ఆ సంగతి ఎత్తరు.

ఇంటిమీద రాళ్ళు పడటం మనకి కొత్తా? తెలుగు జిల్లాల్లో ఏ ఊరు తీసుకున్నా ఇలాంటి కథ ఒకటి దొరుకుతుంది. రాళ్ళు పడ్డాయి, బట్టలు వాటంతటవే అంటుకున్నాయి, ఉట్టి మీద పాలు విరిగాయి. అయితే జాక్సన్ కథలో రాళ్ళు ఆగిపోతాయి, అనుమానం ఇంట్లోనే మిగిలిపోతుంది. మన ఊళ్ళల్లో అనుమానం వీధిలోకి నడిచిపోతుంది. బాణామతి చేసిందనో, చేతబడి చేశాడనో ఒక ముసలమ్మనో, ఒక పేదవాణ్ణో పట్టుకుని కొట్టిన, పళ్ళూడగొట్టిన, చంపిన వార్తలు పేపర్లలో ఎన్నిసార్లు చదవలేదు? మన దగ్గర దయ్యం కథ రాసేవాడికి ఇంగ్లీషు రచయితకి లేని బాధ్యత ఒకటి ఉంది. కథలో చివరికి వేలు ఎవరివైపు చూపిస్తున్నామన్నది ఇక్కడ కల్పన హద్దులు దాటిపోయే విషయం.

1980ల్లో యండమూరి 'తులసిదళం' ఇంటింటా చదివారు. చిన్నపిల్ల మీద క్షుద్రప్రయోగం, తల్లిదండ్రుల తల్లడింపు, ఒక పక్క మంత్రం, ఒక పక్క వైద్యం. దాని మీద రంగనాయకమ్మగారు 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. మూఢనమ్మకాలకి సైన్సు పక్కన కుర్చీ వేసి కూచోబెట్టడం మీద ఆవిడ కోపం. ఆ కోపం న్యాయమైనదని నా అభిప్రాయం. పైన చెప్పిన బాణామతి వార్తల పక్కన పెట్టి చూస్తే మరీను. అయితే ఆ వాదం గెలిచాక మన సీరియస్ సాహిత్యం ఇంకో పని చేసింది. దయ్యం వాసన ఉన్న ఏ అనుభవాన్నయినా పాకెట్ నవలలకీ, సినిమాలకీ వదిలేసి చేతులు కడుక్కుంది. భయాన్ని నమ్మించడం వేరు, భయపడ్డ మనిషిని అర్థం చేసుకోవడం వేరు. మొదటిది వద్దనుకుని రెండోదాన్ని కూడా పోగొట్టుకున్నాం.

ఈ రెండో పనిని చేసి చూపించినది, నా దృష్టిలో, ఒక మలయాళం సినిమా. 1993లో ఫాజిల్ తీసిన 'మణిచిత్రతాళు'. తెలుగువాళ్ళలో చాలామందికి అది 2005 నాటి 'చంద్రముఖి'గానే తెలుసు. రజనీకాంత్ స్టైలు, జ్యోతిక కళ్ళు గుర్తుంటాయి. మధ్యలో 2004లో కన్నడంలో 'ఆప్తమిత్ర' వచ్చింది. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఒక విచిత్రం కనిపిస్తుంది. మలయాళీల ఇంట్లో దయ్యం తంజావూరు నుంచి తెచ్చిన నాట్యకత్తె, తమిళం మాట్లాడుతుంది. అదే కథ కన్నడానికీ తమిళానికీ వచ్చేసరికి దయ్యం తెలుగుది అయిపోయింది! తమిళ సినిమాలో ఆవిడ పాడే పాట తెలుగు పాట. తమిళ ప్రేక్షకులు దాన్ని అలాగే, తెలుగులోనే విని ఊగిపోయారు.

అంటే ఆ ఇంటి దయ్యం ఎప్పుడూ పక్క దేశపు మనిషే. తన ఇష్టం లేకుండా తీసుకురాబడి, ఆ ఇంట్లో బంధించబడి, తన భాష అర్థంకానివాళ్ళ మధ్య చచ్చిపోయిన ఆడమనిషి. ఇంటివాళ్ళకి అర్థంకాని భాషలో మాట్లాడుతుంది కాబట్టే ఆమె భయపెడుతుంది. వలస వచ్చినవాళ్ళం మనం ఈ సంగతి దగ్గర కాసేపు ఆగొద్దా?

ఇంకొక సంగతి. మలయాళం సినిమాలో ఆ దయ్యం పట్టిన గంగ చిన్నతనం ఏమిటి? తల్లీతండ్రీ ఉద్యోగాల కోసం కలకత్తాలో ఉంటారు, పిల్ల పల్లెటూళ్ళో అమ్మమ్మ దగ్గర పెరుగుతుంది. పెద్దయ్యాక హఠాత్తుగా తల్లిదండ్రులొచ్చి తీసుకుపోతామంటారు. అక్కడ మొదలవుతుంది ఆమె మనసులో చీలిక. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ, డేకేర్ ఖర్చు భరించలేకో, పిల్లకి తెలుగు రావాలనో, ఆరునెలల బిడ్డని అమ్మమ్మ ఒళ్ళో పెట్టి విమానం ఎక్కిన దంపతులు మనలో లేరా? రెండేళ్ళకో మూడేళ్ళకో వెళ్ళి తెచ్చుకుంటే, ఆ బిడ్డ కొత్త ఇంట్లో రాత్రి లేచి గుక్కపెట్టి ఏడుస్తూ ఎవరితోనో మాట్లాడుతుంటే, దాన్ని కథగా రాసినవాళ్ళు ఎంతమంది? ఆ సినిమాలో ఇంటివాళ్ళు మొదట అనుమానించేది గంగని కాదు. పెళ్ళికి జాతకం కుదరని ఇంకొక పిల్లని. ఇంట్లో ఏది చెడినా వేలు చూపించడానికి అలాంటి పిల్ల ఒకతె ఎప్పుడూ ఉంటుంది. గంగని పట్టుకున్నది అమెరికా నుంచి వచ్చిన సైకియాట్రిస్టు. ఆ డాక్టరు చేసిన గొప్ప పని మందివ్వడం కాదు, గంగ చిన్నప్పటి ఊరికి వెళ్ళి ఆమె కథ కనుక్కుని రావడం.

మన సంప్రదాయంలో ఇంటికీ చచ్చిపోయినవాళ్ళకీ సంబంధం వేరే రకంగా ఉండేది. దయ్యాల చోటు ఊరి బయట: చింతచెట్టు, పాడుబడ్డ బావి, వల్లకాడు. ఇంట్లో ఉండేవాళ్ళు పెద్దలు. పండక్కి వాళ్ళకి బట్టలు పెట్టాలి, తిథికి విస్తరి వెయ్యాలి, కాకి ముట్టిందాకా మనం ముద్ద ముట్టకూడదు. పసుపుకుంకాలతో పోయిన ఆడమనిషి ఎన్నో ఇళ్ళలో పేరంటాలు. ఆవిడకి ఏటా చీర పెడతారు, ఇంట్లో పెళ్ళికి ముందుగా ఆవిడకి చెప్పుకుంటారు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మలాగా ఊరందరికీ దేవతయిన పేరంటాళ్ళూ ఉన్నారు. దీంట్లో అంతా తీపి లేదు. బతికుండగా అన్నం సరిగా పెట్టని కోడలికి చచ్చాక చీర పెట్టిన ఇళ్ళు తక్కువేం కాదు. అయినా ఒకటి ఒప్పుకోవాలి. పోయినవాళ్ళకి ఇంట్లో ఒక చోటు, ఒక పూట, ఒక విస్తరి ఉండేవి.

ఇంట్లో పోయినవాళ్ళకి చోటివ్వడం గురించి అమెరికాలో వచ్చిన అతిగొప్ప నవల టోనీ మోరిసన్ 'బిలవ్డ్' (1987). 1856లో కెంటకీ నుంచి బానిసత్వం తప్పించుకు పారిపోయి, పట్టుబడబోతూ కన్నబిడ్డని చంపుకున్న మార్గరెట్ గార్నర్ జీవితం దానికి బీజం. నవలలో సెథ ఇంట్లో ఆ పసిబిడ్డ దయ్యంగా తిరుగుతూ ఉంటుంది. ఇక్కడ నా మూడో ప్రశ్నకి జవాబు మారిపోతుంది: ఆ ఇంట్లో అందరూ నమ్ముతారు. ఇల్లు మారదామంటే అత్తగారు ప్రయోజనం లేదంటుంది, నల్లవాళ్ళ దుఃఖం లేని ఇల్లు ఈ దేశంలో ఎక్కడుందని. దయ్యం ఉందా లేదా అన్న చర్చకే అక్కడ తావు లేదు. తీరని బాకీ ఉంది, అది ఇంట్లో కూచుంది. చివరికి దాన్ని సాగనంపడానికి మంత్రగాడు రాడు, వీధిలో ఆడవాళ్ళంతా కలిసి వస్తారు. ఈ గడ్డమీద ఇల్లు కొనుక్కున్న మనం, ఈ నేల కింద ఎవరి దుఃఖం ఉందో తెలుసుకోవడానికి ఈ నవల చదవాలి.

ఇల్లు కొనుక్కోవడం అన్నాను కాబట్టి ఒక కోర్టు కేసు. న్యూయార్క్ రాష్ట్రంలో నయాక్ అనే ఊళ్ళో ఒకావిడ, తన ఇంట్లో దయ్యాలున్నాయని రీడర్స్ డైజెస్ట్‌లోనూ స్థానిక పత్రికలోనూ చెప్పుకుంది. తర్వాత ఆ ఇంటిని ఆరున్నర లక్షల డాలర్లకి అమ్మజూపింది. న్యూయార్క్ నగరం నుంచి వచ్చి కొనబోయినాయనకి ఈ సంగతి తెలియదు. తెలిశాక బేరం రద్దు చెయ్యమని కోర్టుకెక్కాడు. 1991లో అప్పీలు కోర్టు మూడు-రెండు తేడాతో ఆయన పక్షాన తీర్పిచ్చింది. దయ్యాలున్నాయని ఊరందరికీ చెప్పిన అమ్మకందారు ఇప్పుడు లేవనడానికి వీల్లేదు, కాబట్టి చట్టం దృష్టిలో ఆ ఇంట్లో దయ్యాలున్నట్టే అన్నది సారాంశం. అందరూ నవ్వుకునే కేసు ఇది. కానీ కోర్టు పట్టించుకున్న అసలు విషయం, కొన్నాయన పైవూరివాడు కావడం. ఆ ఊరి కథలు ఊళ్ళోవాళ్ళకి తెలుసు, బయటినుంచి వచ్చినవాడికి తెలియవు. వలసవాడి స్థితి ఇంతకన్నా చక్కగా ఎవరు చెప్పగలరు? మనం కొన్న ఇంటి దయ్యాలు మనకి తెలియవు. మనకి తెలిసిన పెద్దలకి ఈ ఇంట్లో చోటు లేదు.

ఇక మన కథలు. అమెరికా తెలుగు కథల్లో ఇళ్ళకి లోటు లేదు. గృహప్రవేశాలున్నాయి, ఎలక్ట్రిక్ స్టవ్ మీద పొంగించిన పాలున్నాయి, హోమం పొగకి మోగిన స్మోక్ అలారం మీద జోకులున్నాయి, వాస్తు కోసం వదిలేసిన మంచి ఇళ్ళున్నాయి. చావు కూడా ఉంది, అర్ధరాత్రి ఫోన్ రూపంలో. ఫోన్ వస్తుంది, టికెట్ దొరకదు, కొడుకు చేరేసరికి అంతా అయిపోతుంది. ఈ కథ మనం ఎన్నిసార్లు రాశామో లెక్కలేదు. దాని తర్వాతి కథే రాయలేదు. తండ్రి పోయాక ఒంటరిదైన తల్లిని ఆరునెలల కోసం ఇక్కడికి తీసుకొస్తాం. ఒకరోజు పొద్దున్నే కాఫీ తాగుతూ ఆవిడ మామూలుగా అంటుంది: "రాత్రి మీ నాన్నగారు వచ్చి ఆ కుర్చీలో కూచున్నార్రా." అప్పుడు ఏమవుతుంది?

మన కథకుడు ఇక్కడ రెండే దారులు తొక్కుతాడు. హాస్యం చేస్తాడు, లేదా కోడలి చేత డాక్టరుకి ఫోన్ చేయిస్తాడు. మూడో దారి ఉందని ఒక వైద్యుడే చూపించాడు. 1971లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో డెవి రీస్ అనే ఆయన, వేల్స్ ప్రాంతంలో భర్తో భార్యో పోయిన 293 మందిని అడిగి రాసిన వ్యాసం ఉంది. వాళ్ళలో దాదాపు సగం మందికి పోయినవాళ్ళు పక్కనే ఉన్నట్టు తోచడమో, కనిపించడమో, మాట వినిపించడమో జరిగింది. చాలామందికి అది భయం కాదు, ఊరట. వాళ్ళలో మూడొంతుల దాకా ఆ సంగతి అంతకు ముందు ఎవరికీ చెప్పలేదు. కన్నపిల్లలతో కూడా అనలేక లోపలే దాచుకున్నారన్నమాట.

ఆ కాఫీ కప్పు దగ్గర మాట బయటపెట్టిన తల్లి ఎంత ధైర్యం చేసిందో ఇప్పుడు అర్థమవుతుంది. ఇల్లు ఆవిడది కాదు, కొడుకుది, నిజానికి బ్యాంకుది. చూసింది ఆవిడ. నమ్మడమో మానడమో మన చేతిలో ఉంది. నమ్మడమంటే నాన్న ఆత్మ అట్లాంటిక్ దాటి వచ్చిందని ఒప్పుకోవడం కాదు. "ఏ కుర్చీ అమ్మా? ఏమన్నారు?" అని అడగడం. ఆ రెండు ప్రశ్నలూ అడిగే కొడుకో కోడలో ఉన్న కథ, అడగబోయి ఆఫీసుకి టైమవుతోందని లేచిపోయిన కొడుకు కథ, వీటిలో ఏది రాసినా ఎవరినీ మూఢనమ్మకంలోకి తొయ్యదు, ఏ పొరుగువాడి మీదకీ వేలు చూపించదు. కుర్చీలో ఎవరు కూచున్నారో తేల్చవలసిన అవసరం కథకుడికి లేదు. బామ్మ ఎవరితో మాట్లాడుతోందో తెలుగు సరిగా రాని మనవరాలు తలుపు దగ్గర నిలబడి వింటున్నట్టు రాస్తే, ఇంకా మంచిది.